నింగికోట తలుపు దగ్గర ఏకాంబరం

మా చెల్లెలు చెంగమ్మ మొగుడు ఏకాంబరం చూడడానికి సన్నగా, ఫ్యాను వేగం పెంచితే ఎగిరిపోయేలా ఉంటాడు. గొంతు మాత్రం హార్బరులో ఓడ కూత. ఆయనకు కోపం వచ్చిందంటే మద్రాసులో మా చూలై వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మీది కాకులు లేచి, ఎగ్మోరు స్టేషను దాటాక గాని వాలవు. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని కాన్వెంటులో మా సిస్టరమ్మ చెప్పేది. కాకుల సంగతి నిజమే కనుక నేను అద్దంలో నాలుక చూసుకోలేదు.

ఆయన వృత్తి డబ్బింగ్. వేరే భాషల సీరియళ్లలో మనుషుల పెదవులు కదులుతుంటే, వడపళని వైపు ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదవులకు తెలుగు మాట ఇస్తాడు. ఇన్‌స్పెక్టర్లు, దెయ్యాలు, మామగార్లు, ఒకసారి మాట్లాడే దున్నపోతు, అందరూ ఆయనే. కానీ వీధిలో ఆయన్ను ఎవరూ ఏకాంబరం అనరు. భానుకేతు అంటారు.

భానుకేతు 'నింగికోట' అనే సీరియల్లో యోధుడు. సముద్రాల అవతల ఎవరో తీశారు. చుక్కల మధ్య ఏ గ్రహానికీ చెందకుండా తేలుతుండే ఇనుపకోట, దానికి ఒకటే తలుపు. లోపల రాజు, బయట నల్లటి శూన్యం, ఆ శూన్యంలో శత్రువుల ఓడలు. తరతరాలుగా ఆ తలుపు కాచేది భానుకేతు ఇంటివాళ్లు. రాజు నోటిమాట లేకుండా దాన్ని తీయకూడదు, ప్రాణం పోతున్నా దాని ముందు నుంచి కదలకూడదు. ఆ వంశానికి వేరే ఆస్తి లేదు. వాళ్ల భాషలో ఆ యోధుడి అసలు పేరు పలకాలంటే రెండు నాలుకలు కావాలి కాబట్టి తెలుగులో రాసినవాళ్లు భానుకేతు అని పెట్టారు. పదేళ్లకు పైగా ఆ గడ్డపు మనిషికి గొంతు ఏకాంబరమే.

మొదటి భాగాల్లోనే ఒక చిక్కు వచ్చింది. శత్రువుల రాయబారి వచ్చి, తలుపు తీస్తే నిన్ను ఒక గ్రహానికి అధిపతిని చేస్తానంటాడు. భానుకేతు "కుదరదు" అనాలి. వాళ్ల భాషలో ఆ మాట పొడుగు. తెలుగు మాట అయిపోయాక కూడా తెర మీద గడ్డం కదులుతూనే ఉంది. మిగిలిన పెదవికి ఏదో ఒక మాట నింపడం ఈ పనిలో అలవాటే. ఏకాంబరం ఆలోచించకుండా తన నాయనమ్మ మాట నింపాడు. "కుదరదు. మా ఇంటివాళ్లు తలుపు వదలరు."

ఆ మాట తెలుగువాళ్లు ఉన్నచోటికల్లా పాకింది. ఆటోల వెనక రాసుకున్నారు. స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్న పిల్లలు, బయట తల్లులు తలుపు బాదుతుంటే ఇదే మాట అరిచారు.

నాయనమ్మ ఆ మాట ఊరికే అనలేదు. ఏకాంబరం తాత జార్జి టౌన్‌లో మిరపకాయల గోడౌనుకు కావలి ఉండేవాడు. యుద్ధకాలంలో జపాన్ వాళ్లు బాంబులు వేస్తారని భయపడి పట్నంలో చాలామంది మూటలు కట్టుకుని రైలెక్కారు. గోడౌను యజమానులు కూడా తాళంచెవి తాత చేతిలో పెట్టి, చూసుకోమని చెప్పి వెళ్లిపోయారు. తాత చూసుకున్నాడు. వీధికుక్కలు కూడా తిరువళ్లూరు పోయాయి గాని ఆయన కదల్లేదు. వండిపెట్టేవాళ్లు లేక ఎండుమిరపకాయలు తిని బతికాడని ఏకాంబరం నాయన చెప్పేవాడు. ఒక బాంబు గోడౌను దాకా వచ్చి, ఆయన ముఖం చూసి వెనక్కి పోయిందని నేను చెబుతాను. ఎవరెట్లా చెప్పినా, ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉగ్గుతో పాటు పోసిన కథ అది.

అందుకే ఏకాంబరానికి భానుకేతు వంశమూ తన వంశమూ ఎక్కడ వేరో తెలియకుండా పోయింది. ఒకసారి కథలో భానుకేతు తండ్రి యుద్ధంలో చనిపోయాడు. ఆ సీను చెప్పి వచ్చిన ఏకాంబరం గడప బయటే నిలబడి నీళ్లు పోయమన్నాడు. చెంగమ్మ మారు మాట్లాడకుండా బిందెడు నీళ్లు పోసింది. కర్మ రోజులు దాటేదాకా ఇంట్లో మాంసం వండలేదు. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి, ఆరణి నుంచి మా మేనత్త కోకిలమ్మ అరటిపళ్లు పట్టుకుని ఏడుస్తూ దిగింది.

"ఎవురు నాయనా పోయింది?"

"భానుకేతు వాళ్ల నాయన, అత్తా."

"అయ్యో. ఏ ఊరోళ్లు వాళ్లు?"

"ఊరు లేదత్తా. ఆకాశంలో ఉంటారు."

"అవును నాయనా, అందరం ఆడికే కదా పోవాల," అని ఆవిడ ఇంకో విడత ఏడ్చింది. పళ్లు మాత్రం నేనే తిన్నాను.

ఈ ఏడాది సీరియల్ ఆఖరి భాగం డబ్బింగ్‌కు వచ్చింది. ఆ రోజు నేనూ స్టూడియోకి వెళ్లాను. అక్కడ ఏసీ ఉంటుంది, కాఫీ ఇస్తారు. స్టూడియో పెట్టిన పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనవడు శ్రీకుమార్ చూసుకుంటున్నాడు. అద్దం వెనక మిషన్ల దగ్గర కూర్చునే అమ్మాయి భరణి తెర మీద సీను వేసింది.

శత్రువులు నింగికోటను చుట్టుముట్టారు. బయట చిక్కుకున్న కోట జనం పిల్లాజెల్లాతో వచ్చి తలుపు బాదుతున్నారు. తీయొద్దని రాజాజ్ఞ, ఎందుకంటే తీస్తే వాళ్ల వెనకే శత్రువూ వస్తాడు. భానుకేతు ఆ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడి, చివరకు చక్రం తిప్పుతాడు. పిల్లలు లోపలికి వస్తారు. శత్రువూ వస్తాడు. కోట పోతుంది. ఆ తర్వాత భానుకేతు రాజు ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాలి: "తలుపు తీసింది నేనే ప్రభూ. మా ఇంటి పేరు నాతో పోయింది."

ఏకాంబరం హెడ్‌ఫోన్ తీసి స్టాండుకు తగిలించాడు.

"ఇది నేను చెప్పను."

"ఏన్ అంకుల్, ఎందుకు? సూపర్ సీన్ కదా," అన్నాడు శ్రీకుమార్.

"ఇన్నేండ్లు ఎవురికీ తీయనోడు ఇప్పుడు తీస్తాడా? ఎవుడు రాసినాడు దీన్ని?"

"ఆడ రాసి పంపించినారు అంకుల్. మన చేతిలో ఏముంది?"

"శత్రువులు తలుపు పగలగొట్టినారని చెప్తా."

"చక్రం తిప్పే చెయ్యి కనిపిస్తా ఉండాది అంకుల్. క్లోజప్ వేరే."

"ఆ చెయ్యి ఇంకెవుడిదో. భానుకేతుది కాదు."

"ఉంగరం ఆయనదే బావా," అన్నాను నేను కాఫీ ఊదుకుంటూ. ఇద్దరూ నావైపు చూసిన చూపుకు ఇంక ఊదాల్సిన అవసరం లేకపోయింది.

శ్రీకుమార్ కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. "ఒకటి చెప్తా అంకుల్, కోపం వద్దు. మీరు చెప్పకపోతే మిషన్ చెప్తుంది. ఇన్నేండ్ల మీ వాయిస్ అంతా టీవీ వాళ్ల హైదరాబాదు ఆఫీసులో ఉండాది. దానికి మాటలిస్తే సాయంత్రానికి మీ గొంతులోనే రెడీ. ఎవరికీ డౌటు రాదు."

"నా గొంతు, నన్ను అడక్కుండా?"

"అందుకే కదా ముందు మీకు చెప్తా ఉండా."

"రేయ్, మీ తాత ఈ డబ్బింగ్ థియేటర్ కట్టినప్పుడు బయటి సౌండు రాకుండా ఈ గోడలకు కొబ్బరిపీచు కొట్టింది నేను. ఏసీ లేదు. చెమట కారి మైకు ముట్టుకుంటే షాక్ కొట్టేది. ఈడ నీళ్ల కూజా పక్కకు జరపాలన్నా మీ తాత నన్నొక మాట అడిగేవాడు. నువ్వు నా నోరు తీసుకోని పోయి ఎవుడికో ఇచ్చేసి, ముందు చెప్తా ఉండానంటావా?"

శ్రీకుమార్ తల వంచుకుని వింటున్నాడు. వాడి ముఖంలో దురుసుతనం లేదు. అదే నా ఒళ్లు కూడా మండించింది. కాళ్ల కింద చాప లాగుతూ, జాగ్రత్తగా పడండి అని చెప్పేవాళ్లను చూస్తే ఈ వయసులో కూడా నా చేతులు దురద పెడతాయి.

ఇంటికి వస్తూ ఏకాంబరం బస్సులో కండక్టరుతో పోట్లాడాడు, సిగ్నల్‌తో పోట్లాడాడు, చూలైలో దిగాక దారికి అడ్డంగా పడుకున్న ఆవుతో పోట్లాడాడు. ఆవు లేచి దారి ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లింట్లో భోంచేస్తున్నాం. ఏకాంబరం ఫోను మోగింది. మిషన్ చేసినదాన్ని శ్రీకుమార్ పంపించాడు, వినమని. ఆయన ముట్టుకోలేదు. నేను ఎడమచేత్తో నొక్కాను.

"తలుపు తీసింది నేనే ప్రభూ. మా ఇంటి పేరు నాతో పోయింది."

అచ్చం ఆయన గొంతు. అదే గరుకు, అదే బరువు. నోట్లో ముద్ద పెట్టుకుని ఆ మనిషి నా ఎదురుగా కూర్చోకపోతే నేనూ మోసపోయేవాణ్ణి.

వంటింట్లోంచి చెంగమ్మ అరిచింది. "ఏమయ్యో, అట్ట అడుక్కునేవాడి మాదిరి చెప్తావేమి? రాజు దగ్గర బియ్యమేమన్నా కావాల్నా నీకు?"

ఏకాంబరం ముద్ద మింగాడు. "నేను చెప్పలే."

"మరెవురు? అన్నకు అంత గొంతు యాడిది?"

నేను మళ్లీ నొక్కాను. చెంగమ్మ గరిటెతోనే వచ్చి నిలబడి వింది. ఆవిడకు విషయం చెప్పాం.

"చూసినావా?" అన్నాడు ఏకాంబరం. "నేనే అక్కర్లేదంట. చెప్పుకోనీ. భానుకేతు తీయలేదు, మిషను తీసిందని ఊరంతా చెప్తా. నాకూ ఆ సీనుకూ సంబంధం లేదు."

"అదేనా మీ ఇంటి మర్యాద?"

"ఏందే నువ్వు?"

"ఆ మనిషి తీసినాడు. నీకు నచ్చినా తీసినాడు, నచ్చకపోయినా తీసినాడు. తీసి, అందరూ ఛీ అంటా ఉంటే రాజు ముందర మోకాళ్ల మీద కూసోనుండాడు. గెలిచినన్నాళ్లూ వాడి పక్కన నిలబడినావు. భానుకేతు వచ్చినాడు అని టీ కొట్టుకాడ అంటే నవ్వుకుంటా వచ్చినావు. ఇప్పుడు వాడు తల దించుకునే టైమొచ్చింది. నువ్వు హెడ్‌ఫోను తగిలించేసి బస్సెక్కినావు, వాణ్ణి ఈ మిషను చేతికిచ్చి."

"నీకు తెలీదు చెంగమ్మా."

"నాకేం తెలీదు? వాళ్ల నాయన పోయినప్పుడు నీళ్లు పోసింది నేను. వాడు తీసినాడు, నిజమే. కానీ ఆడే ఉండాడు. పోయింది నువ్వు."

చెంగమ్మ గొంతు పెద్దది కాదు. మా ఇళ్లలో అందరం భయపడేది ఆ గొంతుకే. ఏకాంబరం ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగిపోయాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే పరుగెత్తాను.

స్టూడియోలో శ్రీకుమార్ ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. ఏకాంబరం ఆ ఫోను లాక్కుని బల్ల మీద పెట్టాడు.

"నేనే చెప్తా. ఆ మిషను చెప్పింది తుడిచెయ్."

"అది హైదరాబాదులో ఉండాది అంకుల్. నా చేతిలో లేదు."

"అయితే ఉండనీ. ఈ మాట మాత్రం నేను చెప్పిందే పోవాల."

శ్రీకుమార్ బల్ల మీది ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రంలోగా పంపించాలి. మీది బాగుంటే మీదే పంపిస్తా. బాగుంటే మాత్రమే అంకుల్."

దీపాలు ఆరాయి. తెర మీద భానుకేతు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏకాంబరం మైకు ముందు నిలబడి, రెండు రోజుల కోపమంతా గుండెల్లోంచి తీసి అరిచాడు. నా చేతిలో కప్పు కింది సాసరు కదిలింది.

అద్దం వెనక నుంచి భరణి మెల్లగా అంది. "సారీ అంకుల్. ఆయన నోరే తెరవడం లేదు. పెదవి కొంచెం కదిలేసరికి మీరు అన్ని గ్రహాలకూ వినిపించేసినారు."

రెండోసారి తగ్గించి చెప్పాడు. మాట పెదవికి సరిగ్గా కూర్చుంది. భరణి దాన్ని వెనక్కి తిప్పి ఇంకోసారి వింది.

"ఏం పాపా?"

"మిషన్ చెప్పినట్టే ఉంది అంకుల్."

ఆ మాటకు ఏకాంబరం రెండు చేతులూ స్టాండు మీద పెట్టి వంగిపోయాడు. అరిస్తే ఆ నోటికి పట్టదు, తగ్గిస్తే అడుక్కునే గొంతు. శ్రీకుమార్ గడియారం వైపు చూస్తున్నాడు. నేను మొట్టమొదటిసారి ఆ గదిలో నోరు మూసుకుని కూర్చున్నాను.

"పాపా, సౌండు లేకుండా వెయ్," అన్నాడు ఏకాంబరం తల ఎత్తి.

భరణి వేసింది. మళ్లీ వేయమన్నాడు. తెరకు అంగుళం దూరంలో ముక్కు పెట్టి చూశాడు. ఇన్నేళ్లు తన గొంతు మోసిన ముఖాన్ని ఆయన ఎప్పుడూ అంత దగ్గరగా చూసి ఉండడు.

"వీడు ఏడవడంలే," అన్నాడు. "ఆ దవడ చూడు. పళ్లు కొరుకుతా ఉండాడు. వీడికి సిగ్గు లేదు, భయం లేదు. రాజు మీద కోపం. తీయొద్దని చెప్పినోడి మీద. అది అరవడానికి లేక అట్ట కూసోనుండాడు." వెనక్కి తిరిగి శ్రీకుమార్‌ను చూశాడు. "రాసినోడు కూడా దీన్ని పేపరు మీద పెట్టలే. ఆ నటుడు పెట్టినాడు. నేను చూసుకోకుండా పోయినా."

మళ్లీ మైకు ముందుకు వచ్చాడు. ఈసారి అరవలేదు, తగ్గించనూ లేదు. పళ్లు బిగించి, సన్నని సందులోంచి మొత్తం కోపాన్ని పంపినట్టు చెప్పాడు. "తలుపు తీసింది నేనే ప్రభూ. మా ఇంటి పేరు నాతో పోయింది." మాట అయిపోయింది. తెర మీద గడ్డం ఇంకా కదులుతోంది. ఏకాంబరం ఆగలేదు. "బయట పిల్లకాయలుండారు. మీకు చప్పుడు వినబడలేదా?"

దీపాలు వెలిగాయి. భరణి కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.

"చివరి మాట స్క్రిప్టులో లేదు అంకుల్," అన్నాడు శ్రీకుమార్.

"గడ్డం కదిలింది. నింపినా. తీసెయ్యాలంటే వాడి గడ్డం గొరిగి పంపించు."

శ్రీకుమార్ ఇంకోసారి వేయించుకుని విన్నాడు. "సరి. ఇదే పోతుంది," అన్నాడు. తలుపు దాకా మాతో వచ్చి, ఎటో చూస్తూ చెప్పాడు. "వచ్చే సీరియల్ నుంచి అంతా మిషన్లోనే అంకుల్. ఇంక పిలవడానికి నాకు వీలుపడదు."

"తెలుసు," అన్నాడు ఏకాంబరం. వాడి భుజం తట్టలేదు, ఆశీర్వదించలేదు. "మీ తాత ఉంటే నిన్ను కొట్టేవాడు," అని మెట్లు దిగాడు.

ఆదివారం పొద్దున ఆ భాగం టీవీలో వచ్చింది. అయిన వెంటనే వీధిలో మనుషులు టీ కొట్టు దగ్గరకు చేరారు. ఏకాంబరం మామూలుగా వెళ్లి గ్లాసు కోసం చెయ్యి చాపాడు. కొట్టు కామేశం గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

"నీకు టీ లేదు సామీ. తలుపు తీసినోడికి నేను టీ పొయ్యను."

సగం వేళాకోళమే. మిగతా సగం కామేశం కళ్లలో నీళ్లుగా ఉంది.

"ఎందుకు తీయకూడదు?" అన్నాడు ఏకాంబరం.

"మాటిచ్చినాడు కదా. వంశం వంశమంతా ఇచ్చినారు. రాజు వద్దన్నాడు కదా."

"రాజు బిడ్డలు లోపల పట్టుపరుపు మీద పడుకోనుండారు. వాడు వద్దనక ఏం చేస్తాడు? నీ కూతురు విజి బయట నిలబడి తలుపు బాదతా ఉంటే నువ్వు టీ తిరగబోస్తా కూసుంటావా?"

"నా కూతురు సంగతి ఎందుకు ఈడ?"

"ఎందుకంటే ఆ బయట ఉన్నోళ్లు కూడా ఎవురో ఒకరి కూతుర్లే రా. తీసినాడు. తీసి దాక్కున్నాడా? పారిపోయినాడా? రాజు ముందరకు పోయి నేనే అని చెప్పినాడు. అట్ట చెప్పే మగాడు ఈ వీధిలో ఒకడున్నాడా? పోయిన నెల నీ కొట్టు ముందర నిలబెట్టిన బండిని ఎవుడు గుద్దినాడో ఇంతవరకూ ఒక్కడూ చెప్పలే."

ఆటో తోలే బాబు తల గోక్కున్నాడు. కామేశం టీ పోసి గ్లాసు ముందుకు జరిపాడు. గొడవ అయిపోయేలా ఉంది. పై నుంచి చెంగమ్మ కూడా పిలుస్తోంది, ఇంక ఇంటికి రమ్మని.

రేపు ఉదయం ఆయనకు వడపళని బస్సు ఎక్కే పని లేదని ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. ఆ గొంతు అంత తొందరగా ఇంట్లోకి పోయి మంచం మీద కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"ఏమైనా రాజు చెప్పింది న్యాయమే కదా," అన్నాను గుంపు వెనక నుంచి.

ఏకాంబరం గ్లాసు బల్ల మీద పెట్టాడు. "బావా, ఇట్ట ముందరకు రా. ఏమన్నావు?"

చెప్పాను.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం పెద్దగా.